తెగిన చోటు ఎక్కడ?

1969వ సంవత్సరం అక్టోబరు 29వ తేదీ రాత్రి 10-30 గంటల వేళ, లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లీ క్లైన్ అనే విద్యార్థి ఒక కంప్యూటరు ముందు కూర్చొని ఉన్నాడు. అతని చెవి దగ్గర టెలిఫోను ఉన్నది. సుమారు 560 కిలోమీటర్ల దూరాన స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయంలో బిల్ డువాల్ అనే ఆయన మరొక కంప్యూటరును కనిపెట్టుకొని ఉన్నాడు. క్లైన్ చేయబోయే పని చాలా చిన్నది. తన దగ్గరి కంప్యూటరు ద్వారా అక్కడి కంప్యూటరులోకి ప్రవేశించాలి. అందుకు ‘లాగిన్’ అనే అయిదక్షరాల ఆంగ్లపదాన్ని టైపు చేయాలి. మొదట ‘ఎల్’ అక్షరం కొట్టి, అందిందా అని టెలిఫోనులో అడిగాడు. అందిందన్నారు. ‘ఓ’ కొట్టి మళ్లీ అడిగాడు. అదీ అందింది. మూడవ అక్షరమైన ‘జి’ దగ్గర స్టాన్‌ఫర్డ్ కంప్యూటరు కుప్పకూలింది.

ఈనాడు ఇంటర్నెట్టు అని మనం పిలుస్తున్న మహావ్యవస్థకు పూర్వరూపం ఆర్పానెట్టు. అందులో నడిచిన మొట్టమొదటి సందేశం ఆ రెండక్షరాలే. లోపాన్ని సవరించి, సుమారు గంట తర్వాత క్లైన్‌ను లోనికి రానిచ్చారు. చరిత్ర వ్రాసేవారు ఈ సంఘటనను ఒక విజయంగా చెప్పుతారు. అది నిజమే. కాని నా దృష్టి మాత్రం ఆ టెలిఫోను మీదికే పోతుంది. కొత్త మార్గం సరిగా ఉన్నదో లేదో తెలుసుకోడానికి ఆ రాత్రి పాత మార్గాన్ని ఆశ్రయించవలసి వచ్చింది. అందిందా అన్న ప్రశ్నను మనిషి చేత గాక కంప్యూటరు చేతనే అడిగించే తేలిక ఉపాయం లోకానికి దొరకడానికి ఆ తర్వాత పద్నాలుగేళ్లు పట్టింది.

తంతి కాలంలో ఈ చిక్కు ఇంతగా లేదు. స్తంభాల మీద పోయే తీగ ఒక్కటే. అది నేలను తాకిందంటే, అక్కడివరకు ఉన్న విద్యున్నిరోధాన్ని ఈ కొసనుంచి కొలిచి, లోపం ఎంత దూరాన ఉన్నదో ఇంజనీర్లు లెక్క కట్టేవారు. రేడియో స్టేషన్లలోనూ ఇట్టి పద్ధతే. బయట సభామందిరంలో జరిగే కచేరి లైను మీద వస్తూ వస్తూ ఆగిపోతే, కంట్రోలు రూములోని ఇంజనీరు కంగారుపడడు. మైకు, ఆంప్లిఫయరు, లైను, కంట్రోలు రూము, ట్రాన్స్‌మిటరు - ఇట్లా ఒక్కొక్క మజిలీ దగ్గర చెవి ఒగ్గి, ఎంతవరకు వినబడుతున్నదో చూచి, ఆగిన చోటు పట్టుకొంటాడు. ఆర్పానెట్టు నిర్మాతలు ఈ సౌలభ్యాన్ని తెలిసి తెలిసి వదులుకొన్నారు. వారి ఏర్పాటులో సందేశం ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. ఒక దారి మూసుకొంటే ముక్కలు మరొక దారిన పోతవి. ఇది గొప్ప బలమే. అయితే చెడినప్పుడు ఎక్కడ చెడిందని వెతకడం?

ఈ ముక్కలను అందుకొని ముందుకు పంపడానికి ప్రతి కేంద్రంలోనూ ‘ఇంప్’ అనే యంత్రాన్ని పెట్టారు. ఇదీ ఒక కంప్యూటరే. వీటిని తయారుచేసినది మాసచూసెట్స్ రాష్ట్రంలో కేంబ్రిడ్జి నగరంలోని బోల్ట్, బెరానెక్, న్యూమన్ అనే కంపెనీ. ఇంపులు తమ యోగక్షేమాలను ఎప్పటికప్పుడు కేంబ్రిడ్జికి విన్నవించుకొనేవి. అందువల్ల దేశానికి ఆ చివర కాలిఫోర్నియాలో టెలిఫోను లైను చెడితే ఈ చివర ఉన్నవారికి ముందు తెలిసేది. మీ లైను చెడిందని వీరు ఫోను చేసి చెప్పితే, టెలిఫోను కంపెనీవారు మొదట్లో నమ్మేవారు కాదట!

అట్టి మెలకువగల ఏర్పాటు కూడా ఒకనాడు మొత్తంగా స్తంభించింది. ఆ రోజు 1980 అక్టోబరు 27. తీగలు బాగున్నవి. ఇంపులు పనిచేస్తూనే ఉన్నవి. ఆ మాటకు వస్తే తలమునకలుగా పనిచేస్తున్నవి. కాని కొన్ని గంటలపాటు ఎవరి సందేశమూ ఎక్కడికీ కదలలేదు. ఒక ఇంపును ఆపి, శుభ్రంగా మళ్లీ నడిపిస్తే కొంచెం తెరపి కనబడేది. ఇరుగుపొరుగు ఇంపులతో కలపగానే దానికీ మళ్లీ అదే జబ్బు.

కారణం వింటే ఆశ్చర్యం కలుగుతుంది. ప్రతి ఇంపు తన చుట్టూ ఉన్న దారుల స్థితిని గూర్చి ఒక ప్రకటన తయారుచేసి అందరికీ పంచుతుంది. ఏది పాతదో ఏది కొత్తదో తెలియడానికి ప్రకటన మీద ఒక వరుస సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యకు కేటాయించిన చోటు చిన్నది కావడంవల్ల అది 63 వరకు పోయి, మళ్లీ సున్న నుంచి మొదలవుతుంది. గడియారంలో పన్నెండు తర్వాత ఒంటిగంట వచ్చినట్లే. పదకొండు గంటలు, ఒంటిగంట - ఈ రెండింటిలో ఏది తర్వాతిది అంటే ఒంటిగంట అంటాము. అంకె చిన్నదే అయినా చుట్టులో అది ముందున్నది. ఇంపులు కూడా ఈ విధంగానే, అర్ధవృత్తం లోపల ఏది ముందున్నదో చూచి నిర్ణయిస్తవి.

ఆనాడు 50వ నంబరు ఇంపు పేరిట మూడు ప్రకటనలు తిరుగాడసాగినవి. వాటి సంఖ్యలు 44, 40, 8. ఇరుగునే ఉన్న 29వ నంబరు ఇంపు జ్ఞాపకంలో ఒక్కొక్క బిట్టు జారిపోతున్నదని అనుమానం. ఒక బిట్టు జారితే 44 కాస్తా 40 అవుతుంది. మరొకటి జారితే ఆ 40 కాస్తా 8 అవుతుంది. ఇక చూడండి: 8 కన్న 40 కొత్తది. 40 కన్న 44 కొత్తది. సున్న దాటి చుట్టు తిరిగి వస్తే, 44 కన్న 8 కొత్తది! ముగ్గురన్నదమ్ములలో ప్రతివాడూ పక్కవానికన్న చిన్నవాడే అయితే ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నది ఈ వరుస. ప్రతి ఇంపూ వచ్చిన ప్రకటనను సరికొత్తదని నమ్మి, పాతదాన్ని చెరిపి, పొరుగువారికి పంపింది. మరుక్షణంలో వచ్చిన రెండవదీ సరికొత్తదే. మూడవదీ అంతే. ఈ ప్రదక్షిణానికి అంతు లేదు. దారులను గూర్చిన ప్రకటనలకు మామూలు సందేశాలకన్న పెద్దపీట వేయాలన్నది నియమం కనుక మామూలు సందేశాలకు చోటే లేకపోయింది.

చివరకు కేంబ్రిడ్జివారు ఒక ఇంపు జ్ఞాపకంలోకి తొంగిచూచి విషయం గ్రహించారు. 50వ నంబరు పేరిట వచ్చే ప్రకటనలను లెక్కచేయవద్దని ఇంపులన్నింటికీ ఉత్తరువు పంపారు. గాలివాన వెలిసినట్లు అంతా సర్దుకొన్నది. మరుసటి సంవత్సరం ఎరిక్ రోజెన్ ఈ ఉదంతాన్ని వివరిస్తూ ప్రకటించిన నివేదిక, ఇట్టి విషయాలలో అభిరుచి ఉన్నవారు నేటికీ చదువదగినది. తీగ మీద పోయేటప్పుడు సందేశం చెడకుండా కాపలా పెట్టుకొన్నారు గాని, యంత్రం కడుపులో విశ్రమించేటప్పుడు చెడుతుందని ఎవరూ ఆ పాటి కాపలా ఉంచలేదు. ఇట్టి తప్పుడు ప్రకటనలు ఎంత చెడినా కొంతసేపటికి వాటంతట అవే నశించిపోయే పద్ధతిని రేడియా పెర్ల్‌మన్ అనే విదుషీమణి 1983లో ప్రతిపాదించారు. తరువాతి కాలపు దారి నిర్ణయ పద్ధతులకు అది పునాది అయింది.

ఆ 1983వ సంవత్సరమే మరొక విధంగా జ్ఞాపకం ఉంచుకోదగినది. అంతవరకు ఆర్పానెట్టు కంప్యూటర్లు ‘ఎన్.సి.పి.’ అనే మర్యాద ప్రకారం మాట్లాడుకొనేవి. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1974లో ప్రతిపాదించిన ఆలోచన పెరిగి పెద్దదై ‘టి.సి.పి.-ఐ.పి.’ అనే కొత్త మర్యాదగా రూపొందింది. 1983 జనవరి 1 నుంచి అందరూ కొత్త మర్యాదనే పాటించాలని శాసించారు. 1982లోనే హెచ్చరికగా ఒకసారి ఒక దినం, మరొకసారి రెండు దినాలు పాత మర్యాదను ఆపివేసి చూపించారు. కొందరు విన్నారు, కొందరు వినలేదు. వినని కంప్యూటర్లు కొత్త సంవత్సరం నాడు మూగపోయినవి. వాటిలో ఏ భాగమూ చెడలేదు. తీగ తెగలేదు. నిన్నటివరకు చెల్లిన నాణెం నేడు చెల్లలేదు, అంతే. అంతా స్థిరపడడానికి మరికొన్ని నెలలు పట్టింది. ఆ గండం గడిచి బయటపడ్డామని చాటే బిళ్లలను కొందరు ఉద్యోగులు చొక్కాలకు తగిలించుకొని తిరిగారు. పాత కంప్యూటరుకు వచ్చే అవస్థ ఇట్టిదే కనుక ఈ సంగతి మనకు మళ్లీ అవసరపడుతుంది.

ఆ ఏడాది డిసెంబరులో మైక్ మూస్ అనే యువకుడు ఒక చిన్న ప్రోగ్రాము వ్రాశాడు. మేరీలాండ్ రాష్ట్రంలోని అమెరికా సైన్యంవారి ప్రయోగశాలలో అతనికి ఉద్యోగం. ఒకనాడు అక్కడి నెట్‌వర్కు వింతగా ప్రవర్తించింది. కంప్యూటరుకు ఒక చిన్న ముక్క పంపితే దాన్ని యథాతథంగా తిప్పి పంపే ఏర్పాటు 1981లో జాన్ పోస్టెల్ వ్రాసిన నియమావళిలో ముందే ఉన్నది. ప్రతిధ్వని అన్నదే దాని పేరు. ఆ ప్రతిధ్వనికి పట్టే కాలాన్ని కొలిచి ఉపయోగించుకోవచ్చునని డేవిడ్ మిల్స్ అనే శాస్త్రజ్ఞుడు అదే ఏడాది జూలైలో నార్వేలో అనగా మూస్ విని ఉన్నాడు. ఇక ఆలస్యం చేయక ఒక్క రాత్రిలో పని ముగించాడు. జలాంతర్గామి సముద్రగర్భంలో ‘పింగ్’ మని ధ్వని పంపి, అది తగిలి తిరిగివచ్చే కాలాన్నిబట్టి ఎదుటి వస్తువు దూరం కనుక్కొంటుంది. ప్రోగ్రాముకు ఆ ధ్వని పేరే పెట్టాడు. మన పల్లెలలో చీకటిబావిలోకి గులకరాయి విడిచి, చప్పుడు కోసం ఎదురుచూడడం ఇదే కదా!

క్లైన్ టెలిఫోనులో అడిగిన ప్రశ్నను పింగ్ తానే అడుగుతుంది. అందిందా? అందింది. ఎంతసేపట్లో? ఇన్ని మిల్లీసెకన్లలో. అది చెప్పేది ఇంత మాత్రమే. కాని లోకంలోని నెట్‌వర్కు పనివారికి ఇంతకన్న మంచి పనిముట్టు దొరకలేదు. మూస్ స్వయంగా చెప్పుతూ వచ్చిన కథ ఒకటి ఉన్నది, రేడియో వినేవారికి నచ్చుతుంది. ఒక కార్యాలయంలో నెట్‌వర్కు తీగ అప్పుడప్పుడు మాత్రం తెగుతూ ఉండేది. ఏ జోడింపు వదులైందో తెలియదు. అక్కడి అధికారి పింగ్‌ను మాటలు పలికే యంత్రానికి కలిపి, దాన్ని తన గదిలోని స్టీరియోకు తగిలించి, చెవులు భరించగలిగినంత బిగ్గరగా పెట్టాడు. జవాబు వచ్చినప్పుడల్లా యంత్రం సెకనుకొకసారి ‘పింగ్, పింగ్’ అని అరుస్తుంది. ఆయన భవనమంతా తిరుగుతూ ఒక్కొక్క జోడింపునూ కదిపి చూచాడు. ఒకచోట కదపగానే అరుపు ఆగింది. దొంగ దొరికాడు. మూస్ 2000వ సంవత్సరంలో ఒక రోడ్డు ప్రమాదంలో మరణించాడు. మరెన్నో పెద్ద పనులు చేసినా, లోకం అతన్ని ఆ ఒక్క రాత్రి పనికే గుర్తుంచుకొన్నది.

1986 అక్టోబరులో బర్‌క్లీ పట్టణంలో మరొక విడ్డూరం జరిగింది. కొండమీది లారెన్స్ బర్‌క్లీ ప్రయోగశాలకూ, దిగువనున్న విశ్వవిద్యాలయానికీ దూరం 400 గజాలు. వాటి నడుమ సెకనుకు 32,000 బిట్లు నడిచే మార్గంలో ఆ రోజులలో 40 బిట్లు మాత్రం నడిచినవి. మనిషి కాగితం పట్టుకొని నడిచిపోయినా అంతకన్న ముందే చేరును! వాన్ జాకబ్సన్, మైకేల్ కారెల్స్ అనేవారు పరిశీలించి, లోపం తీగలో లేదు, కంప్యూటర్ల నడవడిలో ఉన్నదన్నారు. పంపిన ముక్కకు జవాబు ఆలస్యమైతే ప్రతి కంప్యూటరూ తొందరపడి అదే ముక్కను మళ్లీ పంపుతున్నది. రద్దీ పెరిగినకొద్దీ మరింత తోస్తున్నది. తిరునాళ్లలో ఇరుకు ద్వారం దగ్గర జరిగేదీ ఇదే. మొదట కొద్దిగా పంపి, జవాబులు వచ్చినకొద్దీ పెంచి, జవాబు రాకపోతే వెనుకకు తగ్గే మర్యాదను వారు కంప్యూటర్లకు నేర్పారు. 1988లో వెలువడిన వారి వ్యాసం ఈ శాస్త్రంలో ప్రసిద్ధమైనది.

ఆ జాకబ్సనే, స్టీవ్ డీరింగ్ సూచన అందుకొని, దారిలోని మజిలీలను ఒక్కొక్కటిగా బయటపెట్టే ‘ట్రేస్‌రూట్’ అనే ప్రోగ్రాము వ్రాశాడు. ప్రతి ముక్క మీద ఆయుర్దాయంగా ఒక సంఖ్య ఉంటుంది. ప్రతి మజిలీలోనూ ఒకటి తగ్గుతుంది. సున్న అయితే ఆ మజిలీవారు ముక్కను పారవేసి, పంపినవారికి కబురు చేస్తారు. కావాలని ఆయుర్దాయం ఒకటి పెట్టి పంపితే మొదటి మజిలీ నుంచి చావుకబురు వస్తుంది. రెండు పెట్టితే రెండవదాని నుంచి. ఈ విధంగా, కబురు ఎక్కడ ఆగిపోతే అక్కడే తెగిందని తెలుస్తుంది. తంతి ఇంజనీరు పోగొట్టుకొన్న సౌలభ్యం ఇన్నేళ్లకు మళ్లీ చేతికి వచ్చింది.

మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వచ్చింది. విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ దాన్ని ప్రారంభించింది. ఆనాడు ఇంటికి మార్గం టెలిఫోను తీగే. ఆ తీగ మనిషి మాటకోసం వేసినది. 300 నుంచి 3,400 సైకిల్స్ వరకు గల ధ్వనులనే మోస్తుంది. కనుక మోడెము అనే పెట్టె కంప్యూటరు అంకెలను ధ్వనులుగా మార్చి పంపేది. ఆ కీచుమనే సంగీతం తెలుగు పట్టణాలలో ఇంటర్నెట్టు సెంటర్లు వెలసిన రోజులలో ఎందరికో పరిచితం. చికాకు కలిగించినా అది ఎంతో ఉపకారి. అవతలి మోడెము 2,100 సైకిల్స్ కూత పెట్టిందంటే ఫోను ఎత్తారన్నమాట. తర్వాతి గరగరలో రెండూ లైను నాణ్యాన్ని పరీక్షించుకొని, ఎంత వేగంగా మాట్లాడుకోవాలో ఒప్పందానికి వస్తవి. ఏ ఘట్టంలో ఆగిందో వినికిడినిబట్టి చెప్పగల పిల్లలు ఇంటింటా తయారయ్యారు. పక్కగదిలో ఎవరైనా రిసీవరు ఎత్తితే అంతా మొదటికి వచ్చేది. నేటి పెట్టెలు మూగవి; చిన్న దీపాలు మాత్రం మిణుకుమంటవి. వినికిడి పోయిన ఈ నష్టాన్ని నేను చిన్నదిగా ఎంచను.

ఇక పదిహేను, ఇరువది ఏళ్లనాటి కంప్యూటరు ఇంటిలో ఉన్నదనుకొందాము. ఇంటర్నెట్టు రావడం లేదు. పరీక్ష దగ్గరనుంచి దూరానికి సాగాలి. 127.0.0.1 అనే సంఖ్యకు పింగ్ పంపితే కంప్యూటరు తనను తాను పిలుచుకొంటుంది. అక్కడ జవాబు లేకపోతే లోపం దాని ప్రోగ్రాములలోనే. తర్వాత ఇంటిలోని రూటరు. కంప్యూటరుకు రూటరు ఇవ్వవలసిన చిరునామా అందకపోతే, అది 169.254తో మొదలయ్యే చిరునామాను తనంత తాను కల్పించుకొంటుంది. ఈ అంకె కనబడితే బయటి కంపెనీని నిందించి లాభం లేదు, తెగినది ఇంటిలోపలనే. తీగలేని పద్ధతిలో అయితే, పాత కంప్యూటరుకు నేటి రూటరు కోరే రహస్య సంకేతం రాకపోవచ్చు. తీగ తగిలించి చూస్తే ఆ సంగతి తేలిపోతుంది. రూటరు పలికిన తర్వాత బయటి సంఖ్య ఒకటి, దాని తర్వాత బయటి పేరు ఒకటి. సంఖ్యకు పలికి పేరుకు పలకకపోతే, పేర్లను సంఖ్యలుగా మార్చే ఏర్పాటులో లోపం. పాల్ మొకపెట్రిస్ 1983లో రూపొందించిన పేర్ల పట్టిక వ్యవస్థ అది.

అన్నీ పలికినా వెబ్ పేజీలు మాత్రం తెరుచుకోవడం లేదంటే, ముందు కంప్యూటరు గడియారం చూడాలి. విద్యుత్తు లేనప్పుడు గడియారాన్ని నడిపేది లోపల ఉండే రూపాయి బిళ్లవంటి బ్యాటరీ. కొన్నేళ్లకు అది నిండుకొంటుంది. అప్పుడు కంప్యూటరు నేటి తేదీ మరచి, తాను పుట్టిననాటి తేదీకో, దాని దరిదాపులకో పోతుంది. నేడు వెబ్ స్థలాలు తాము ఫలానా అని రుజువు చేసుకోడానికి ధ్రువపత్రం చూపుతవి. దాని మీద ఫలానా తేదీ మొదలు ఫలానా తేదీ వరకు చెల్లునని ఉంటుంది. గడియారం వెనుకబడ్డ కంప్యూటరుకు అది ఇంకా పుట్టని పత్రం. కనుక నిరాకరిస్తుంది. కొద్దిపాటి ఖర్చుతో బ్యాటరీ మార్చి, తేదీ దిద్దితే ఇంటర్నెట్టు తిరిగి వచ్చిన సందర్భాలు కొల్లలు.

గడియారం సరిగానే ఉన్నా రాకపోతే, అది 1983 జనవరి 1 నాటి వ్యవహారమే. రహస్యంగా మాట్లాడుకొనే పాత పద్ధతులలో 1999 నాటిదాన్నీ, దాని తర్వాతిదాన్నీ బ్రౌజర్లు 2020లో విడిచిపెట్టనారంభించినవి. విండోస్ ఎక్స్‌పీకి దాని తయారీదారులు 2014 ఏప్రిల్ 8తో చికిత్స ఆపివేశారు. అట్టి యంత్రాన్ని ఎట్లో ఒకట్లు తిరిగి కలిపినా, బ్యాంకు పనులకు వాడడం మాత్రం వివేకం కాదని నా అభిప్రాయం. పాత ఉత్తరాలు, ఫొటోలు తీసుకోడానికి, పిల్లలకు చూపడానికి వాడుకోవచ్చును.

2021 సెప్టెంబరు 30న ఇంకొక గడువు తీరింది. ‘లెట్స్ ఎన్‌క్రిప్ట్’ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే ధ్రువపత్రాలకు అంతవరకు పూచీగా నిలిచినది, 2000వ సంవత్సరంలో పుట్టిన ఒక మూలపత్రం. దాని ఆయుస్సు ఆనాటితో ముగిసింది. కొత్త మూలపత్రాన్ని ఎరుగని పాత కంప్యూటర్లూ, పాత ఫోన్లూ ఎన్నో వెబ్ స్థలాలను ఆ దినంనుంచి శంకించి తలుపు మూసినవి. ఇంటివారు తీగలు కదిపి చూచారు, రూటరు ఆపి వేశారు, కంపెనీకి ఫిర్యాదు చేశారు. వాటిలో చాలావాటికి కావలసినది కొత్త మూలపత్రం ఒక్కటే. అది సుమారు రెండువేల అక్షరాల చిన్న దస్త్రం. మరొక కంప్యూటరులో దాన్ని దింపుకొని, చేత్తో తెచ్చి ఎక్కిస్తే అవి మళ్లీ పలికినవి.